సలోమి సిస్టర్ స్టీలు పళ్ళెం

ఈ రోజు పొద్దున్నే మా వంటింట్లో తాళంచెవి స్టీలు పళ్ళెంలో పడి ఖంగుమంది. మా ఇంటిది రవణమ్మ రెండు జానల ఎత్తు నుంచి దాన్ని వదిలింది. కింద పళ్ళెం, పళ్ళెం మీదుగా వేళ్ళు తెరిచి పెట్టిన నా కుడిచెయ్యి. రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాను. అయినా పిడికిలి మూసేసరికి అందులో గాలి తప్ప ఏమీ లేదు. “ఇంగోసారి యెయ్యి,” అన్నాను. వేసింది. మళ్ళీ ఖంగు. మూడోసారి తాళం వేళ్ళకు తగిలి పక్కకు పోయింది. రవణమ్మ దాన్ని తీసి కొంగున ముడేసుకుని, “రాత్రి ఏం మింగినావు?” అంది. జలుబుకని మెడికల్ షాపులో ఇచ్చిన చిన్న మాత్ర. “జలుబు మాత్రే గదే, అదేమన్నా సారాయా!” అన్నాను. “సలోమమ్మ ముందర అయితే ఈ మాట అనేటోడివేనా?” అంది. బయట వాకిట్లో పసుపుపచ్చ స్కూలు బస్సు నిలబడి ఉంది. ఇంకో ముప్పావుగంటలో అది కదలకపోతే నలభైమంది పిల్లలు రోడ్ల పక్కన నిలబడిపోతారు. చేతిలో కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చున్నాను గానీ, ఆ చప్పుడు చెవిలో మోగుతూనే ఉంది. పదకొండేళ్ళ కిందట నా చేతి కింద అది వరసగా రెండుసార్లు మోగినప్పుడు, ఆ పళ్ళేన్ని తీసి రోడ్డు మీద పారేసి దాని మీద బస్సు ఎక్కించాలనిపించింది.

సలోమి సిస్టర్‌ను మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి, తెల్లచీర, ఎడమచేతికి మగవాళ్ళ గడియారం. ముప్పైయేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, పిల్లల జ్వరాలూ దెబ్బలూ చూసుకోవడానికి కదిరిలోని మా స్కూలువాళ్ళు ఆమెను పెట్టుకున్నారు. వచ్చిన నెలకే ఆమె బస్సుల షెడ్డులోకి వచ్చి, మీరు ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు, ఏం మందులు మింగుతారు అని మమ్మల్ని ఆరాలు తీయడం మొదలుపెట్టింది. “కట్లు కట్టే పనిలో ఉండాల్సిన మీకు మాతో ఏం పని సిస్టర్?” అని నేనే అడిగేశాను. నాకు ముక్కు మీదే కోపం. ఆమెకు మాత్రం కోపం రాలేదు. “ముప్పై ఏండ్లు దెబ్బ తగిలినాకనే మనుషుల్ని చూసినానప్పా. చేతులు కాలినాక ఆకులు పట్టుకునింది చాలు. రొంత ముందరికొచ్చి చూస్తా,” అంది. యాజమాన్యానికి ఆ మాట నచ్చిందో, ఇంకో జీతగాణ్ణి పెట్టుకోవడం తప్పుతుందనుకున్నారో, బస్సుల బాధ్యతంతా ఆమెకే అప్పగించారు. స్టీరింగు పట్టని ఆడమనిషి మా మీద పెత్తనమేమిటని ఐదుగురు డ్రైవర్లమూ గొణుక్కున్నాం.

ఆ రోజుల్లో బస్సులన్నీ స్కూల్లోనే ఉండేవి. పొద్దున ఆరున్నరకు మేము వచ్చేసరికి సిస్టర్ షెడ్డులో బల్ల ముందు కూర్చుని ఉండేది. బల్ల మీద అన్నం తినే స్టీలు పళ్ళెం. డ్రైవరు పళ్ళెం మీదుగా చెయ్యి చాపి పెట్టాలి. ఆమె పైనుంచి వాడి బండి తాళం ఎప్పుడు వదులుతుందో చెప్పకుండా వదులుతుంది. మూడుసార్లలో రెండుసార్లు పట్టుకుంటే ఆ తాళంతోనే పోయి బండి తీయాలి. పట్టుకోలేకపోతే స్పేర్ డ్రైవరు ఖాదర్‌కు తాళం ఇస్తుంది. పళ్ళెం ఎందుకంటే, తాళం పడిన సంగతి అందరికీ వినిపించాలని. తర్వాత ‘నేను పట్టుకున్నా’, ‘నువ్వు పట్టుకోలేదు’ అని వాదన ఉండకూడదు. మేము దానికి ‘సిస్టరమ్మ హారతి’ అని పేరు పెట్టాం. “ఏమప్పా, హారతి అయిందా?” అని ఒకరినొకరం పలకరించుకుని నవ్వుకునేవాళ్ళం. ఆమెకు ఆ పేరు తెలిసింది. “పెట్టుకోండి. దచ్చిన మాత్రం అడగను,” అంది.

ఆమెకొక పాత మోపెడ్ ఉండేది. సాయంత్రం ఇంటికి పోయేముందు తనూ పళ్ళెం మీద చెయ్యి పెట్టి, అక్కడున్న ఎవరో ఒకరితో మోపెడ్ తాళం పైనుంచి వేయించుకునేది. ఒకరోజు నేనే వేశాను. రెండుసార్లు ఖంగుమంది. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, “దగ్గు మందు. మధ్యాన్నం తాగినా,” అని, తాళం బల్ల సొరుగులో పెట్టి, గొడుగు తీసుకుని నడవడం మొదలుపెట్టింది. ఎండాకాలం. నాలుగున్నరకు కూడా తారురోడ్డు మీద చెప్పులు అంటుకుంటున్నాయి. “ఎవురు చూసినారు సిస్టర్, మెల్లగా పోతే సరిపోదా?” అన్నాను. “నేను చూసినా గదప్పా,” అంది. ఆమె గేటు దాటాక మేము పడీపడీ నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆ ఏడే మా నాయన పోయాడు. ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. ఆయన దగ్గినప్పుడల్లా లేచి కూర్చోబెట్టి, వీపు నిమిరి, నీళ్ళు తాగించడం నా పని. ఆయన పోయాక కూడా నా చెవులు ఆ దగ్గు కోసం కాచుకునే ఉండేవి. కన్ను మూతపడేది కాదు. రెండు నెలలు అలా గడిచాక రవణమ్మ పోరు పడలేక ఆసుపత్రికి పోయాను. డాక్టరు అన్నీ అడిగి, చివర్లో, “ఏం పని చేస్తావు?” అన్నాడు. “సేద్యం సార్,” అన్నాను. చీటీ మీద అదే రాసుకున్నాడు. నిద్రకు మాత్ర రాసిచ్చాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను అబద్ధం చెప్పానని అప్పుడు నాకు తట్టనే లేదు. మాకు నాలుగెకరాల మెట్టచేను ఉంది. శెనక్కాయ వేసి, వేసి, విత్తనం కూడా తిరిగి రాక, అప్పటికి ఆరేళ్ళ కిందటే బీడు పెట్టేశాం. ఆ ఆరేళ్ళూ మా ఇంట్లో పొయ్యి వెలిగించింది బస్సు జీతమే. అయినా రేషన్ కార్డులో, బ్యాంకులో, పెళ్ళి సంబంధాల దగ్గర, ఎవరు ఏం పని అని అడిగినా మా నోటికి వచ్చేది సేద్యమే. మా ఊళ్ళో ఆటో తోలేవాడూ అదే అంటాడు, బెంగుళూరులో వాచ్‌మన్‌గా ఉన్నవాడూ అదే అంటాడు. జీతానికి బండి తోలుతున్నానని చెప్పుకోవడమంటే నాయన ఇచ్చిన చేను పోగొట్టుకున్నానని ఒప్పుకున్నట్టే ఉండేది నాకు. ఆ రోషానికి చేనులో గడ్డి కూడా మొలవదు గానీ, రోషం రోషమే.

మాత్ర భలే పనిచేసింది. పది గంటలకు మింగితే ఐదున్నరకు రవణమ్మ తట్టి లేపేదాకా సోయి ఉండేది కాదు. లేచి, చన్నీళ్ళు పోసుకుని, ఉల్లిగడ్డ నంజుకుంటూ చెంబెడు మజ్జిగ తాగి, మోటర్‌సైకిల్ మీద కదిరికి వచ్చేవాణ్ణి. తాగినవాడికి మజ్జిగ ఇస్తే దిగిపోతుందని మా పక్క నమ్మకం. మాత్రకూ అదే మందని నేనే తీర్మానించుకున్నాను. అట్లా పది రోజులు జరిగింది. ఆ పది రోజుల్లో తాళం ఎట్లాగో మూడింట రెండు పట్టేస్తూనే ఉన్నాను. పదకొండో రోజు మొదటిసారి ఖంగుమంది, రెండోసారీ ఖంగుమంది. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

“తాగినావా?” అని అడగలేదామె. “ఏం మింగినావు నరసింహులూ?” అంది. చెప్పాను. చెప్పి, “నోట్లో ఊదే మిషనుంది గదా సిస్టర్, తెప్పీయండి, ఊదుతా,” అని అరిచాను. మిషను తెచ్చారు. ఊదాను. సున్నా చూపించింది. విజయం నాదే అన్నట్టు అందరి ముఖాలూ చూశాను. సిస్టర్ మిషన్ని పక్కన పెట్టింది. “అది సారాయిని పడతాదప్పా. మాత్రకు వాసన యాడుంటాది? అది నీ నెత్తురులో ఉండాది. నెత్తురు తీసి పెద్ద ల్యాబుకు పంపితే అది వచ్చేసరికి ఎన్ని దినాలైతాదో. అంతదాకా పిల్లోళ్ళు రోడ్డు మీద నిలబడుకోవాల్నా? అందుకే ఈ పళ్ళెం.”

“ఇంటి నుంచి ఇంతదూరం మోటర్‌సైకిల్ మీద బాగనే వచ్చినా గదా! నాకు నిద్రే లేదు సిస్టర్, కండ్లు చూడండి!”

“వచ్చినావు. ఎదురుగా ఏదీ అడ్డం రాల్యా కాబట్టి వచ్చినావు. ఆ తాళం కూడా ఇట్లియ్యి.”

ఇచ్చాను. ఇవ్వడం కాదు, బల్ల మీద విసిరికొట్టాను. నా రెండో నంబరు బస్సు తాళం ఖాదర్ చేతికి పోయింది. వాడు నాకంటే పదేళ్ళు చిన్నవాడు, తల దించుకుని తీసుకున్నాడు. “నువ్వు పోయి ఖాదర్ వెనక సీట్లో కూచో. దోవ చూపియ్యి,” అంది సిస్టర్. ఆ దోవ ఖాదర్‌కు నా అంతే తెలుసు. నన్ను షెడ్డులో అందరి మధ్య కూర్చోబెట్టడం ఇష్టం లేక అలా అందని అప్పుడు అర్థం కాలేదు. నా బండిలో నన్నే సీటుకు కట్టేసి ఊరేగిస్తోందనుకున్నాను. పని మానేస్తానని, ఈ సాయంత్రమే జీతం లెక్క తీసుకుని పోతానని పళ్ళు నూరుకుంటూ బస్సెక్కాను.

తనకల్లు రోడ్డులో ఒక మలుపు ఉంది. గుండురాళ్ళ గుట్ట అడ్డం ఉండి అవతల ఏముందో కనిపించదు. పిల్లలు పాతికమందికి పైగా ఎక్కారు, ఏదో పాట పాడుతున్నారు. మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు. ఖాదర్ బ్రేకు తొక్కాడు. బస్సు కుదుపుతో ఆగింది. ముందున్న గొర్రెకూ బంపరుకూ మధ్య బారెడు కూడా లేదు. పిల్లలు ‘ఓ’ అని అరిచి మళ్ళీ పాట అందుకున్నారు. కాపరి గొర్రెలను అదిలించుకుంటూ ఖాదర్‌ను నాలుగు తిట్లు తిట్టాడు.

అప్పుడు నా కుడికాలు నేలను తొక్కింది. డ్రైవరు ఎక్కడ కూర్చున్నా, అడ్డం ఏదైనా వస్తే కాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది, అది మా జాతి రోగం. కానీ నా కాలు కదిలింది బస్సు ఆగిన తర్వాత. ఖాదర్ తొక్కాడు, బస్సు ఆగింది, పిల్లలు అరిచారు, అప్పుడు కదిలింది. నేను నిద్రలో లేను. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. గొర్రెలను ఖాదర్‌తో పాటే చూశాను. ఆ సీట్లో నేనుంటే? నా కూతురు అప్పుడు నాలుగో తరగతి. అదే బస్సులో, మూడో వరసలో కూర్చుని పాడుతోంది. ఆ కాలి వంక చూసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ గమనించలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా.

మధ్యాహ్నం దాకా ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరిగాను. అన్నం సహించలేదు. ఆఖరుకు సిస్టర్ గదికి పోయి నిలబడ్డాను. “గొర్రెలు అడ్డమొచ్చినాయి సిస్టర్. నా కాలు... బండి నిలబడినాక పోయింది,” అన్నాను. మగవాణ్ణి, ఆమె ముందు ఏడ్చేశాను. ఆమె నన్ను ఓదార్చలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చింది. “వాన పడిన మూడో దినం చేను ఎట్లుంటాది?” అని అడిగింది.

“పైన ఎండిపోయుంటాది.”

“వేలు పెడితే?”

“లోపల తడి ఆరక పదునుంటాది.”

“నీ నెత్తురూ అంతే. పొద్దున నీకు పైపైన ఎండింది, తెలివొచ్చినాదనుకుంటావు. లోపల మాత్ర పదును పోల్యా. ఆ పదును మీద రాత్రి మళ్ళా ఇంగో వాన. పది దినాల నుంచి అట్ల ఊరుతా వచ్చింది. మజ్జిగ తాగితే పదును పోతాదా?”

ఎన్ని పెద్ద మాటలు చెప్పినా నాకు అంత బాగా ఎక్కేది కాదు. ఆ తర్వాత ఆమె హాజరు పుస్తకం తెరిచి నా పేరు ఎదురుగా ‘డ్యూటీ’ అని రాసింది. “నేను బండి తీయనే లేదు గదా సిస్టర్?” అన్నాను. “తీయలేదు. వచ్చి నిజం చెప్పినావు. దీనికంటే పెద్ద డ్యూటీ ఏముండాది?” అంది.

మరునాడు ఆమే నన్ను ఆసుపత్రికి పిలుచుకుపోయింది. డాక్టరుకు చీటీ ఇచ్చే ముందు అందులో చూసి, నడవలోనే ఆగిపోయింది. “సేద్యమా?” అంది. నేల చూపులు చూశాను. “నాలుగెకరాల బీడుకు నలభైమంది బిడ్డల్ని కుదువ పెట్టినావు గదప్పా,” అంది. ఆమె నన్ను తిట్టింది జన్మలో అదొక్కసారే. లోపలికి పోయాక, “ఏం పనో నువ్వే చెప్పు,” అని పక్కకు నిలబడింది. “డ్రైవర్ని సార్. స్కూలు బస్సు,” అన్నాను. ఆ మాట నోటి నుంచి బయటికి రావడానికి ఎంత కష్టమైందో చెప్పలేను. డాక్టరు కళ్ళజోడు తీసి నా వంక చూశాడు. ముందే చెప్పి ఉంటే ఈ మాత్ర రాసేవాణ్ణి కాదన్నాడు. కొన్ని మాత్రలు పొద్దుటికి దిగిపోతాయనీ, ఇది నెత్తురులో మరుసటి రోజంతా ఉండిపోయే రకమనీ, వేసుకునేవాడికి ఆ తేడా తెలియకపోవడమే దీనితో వచ్చిన చిక్కనీ చెప్పాడు. ఒక్కసారిగా మానొద్దన్నాడు. మెల్లగా తగ్గించి, పూర్తిగా ఆపి, తను సరే అనేదాకా మోటర్‌సైకిల్ కూడా తాకొద్దన్నాడు.

సంగతి కరస్పాండెంటు దాకా పోయింది. నిద్రమాత్రల డ్రైవరు మాకొద్దు, తీసేయండి అన్నాడాయన. ఆయన గది బయట నిలబడి నేను విన్నాను. “తీసేయండి సార్,” అంది సిస్టర్. “తీసేస్తే మిగతా నలుగురూ నేర్చుకుంటారు, ఏం మింగినా నోరెత్తకూడదని. ఆ నలుగురి బస్సుల్లో ఎవురి బిడ్డలు పోతారో మీరే చూసుకోండి.” నన్ను తీసేయలేదు. అయిదు వారాలు ఖాదర్ పక్కన క్లీనరు పని చేశాను. తర్వాత డాక్టరు సరేనన్న రోజున షెడ్డులో తాళం మూడుసార్లూ నా పిడికిట్లోకి వచ్చింది. సిస్టర్ మరో ఆరు రోజులు చూసి ఏడో రోజు, “పో, ఆలస్యమైతాంది,” అంది. రెండో నంబరు బస్సు స్టీరింగు పట్టుకున్నప్పుడు, నాయన పోయాక మొదటిసారి నా ప్రాణం కుదుటపడింది.

ఆమె ఆ ఉద్యోగంలో ఇంకో అయిదేళ్ళుంది. పని మానుకుని పోయేటప్పుడు పళ్ళెం నాకిచ్చింది. ఆమె బతికిన ఆఖరి ఏడాది నరాల నొప్పులకని ఆమెకు మాత్రలు పెట్టారు. చూడబోయిన రోజు, “పళ్ళెం ఎత్తుకోనిరా పో,” అంది. తెచ్చాను. మంచం మీద కూర్చుని, వణికే చెయ్యి చాపి, మోపెడ్ తాళం వేయమంది. నాకు చేయి రాలేదు. వేయమని గద్దించింది. మూడుసార్లూ ఖంగుమంది. పిల్లలా నవ్వింది. “ఇంగ చర్చికి నువ్వే తోలుకపోవాల,” అని ఆ తాళం నా జేబులో వేసింది. ఆదివారం ఆదివారం నా మోటర్‌సైకిల్ మీద తీసుకుపోయేవాణ్ణి, ముందుగా ఆమె పళ్ళెం మీద నా చేతిలోకి తాళం వదిలాకే. ఆమె వేళ్ళు తాళాన్ని సరిగ్గా పట్టుకోలేకపోయేవి. వదలడం మాత్రం బాగానే వదిలేది. ఆమె పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు స్కూల్లో పళ్ళెం లేదు. బస్సులు మా మా ఊళ్ళలోనే ఉంటాయి. కొత్త ఇన్‌ఛార్జి ఫోన్‌లోనే అన్నీ చూసుకుంటాడు. పొద్దున అతనికి ఫోన్ చేశాను, ఈ రోజు బండి తీయను, ఖాదర్‌ను పంపమన్నాను. “ఏమన్నా, జలుబు మాత్రకా? ఎవురికి తెలుస్తాది?” అన్నాడు. “నాకు తెలిసింది గదప్పా,” అన్నాను. ఆ మాట ఎవరిదో చెప్పిన తర్వాత గుర్తొచ్చింది. “అట్లైతే ఆబ్సెంట్ వేస్తా మల్ల,” అన్నాడు. వేసుకోమన్నాను. ఖాదర్ వచ్చి రవణమ్మ దగ్గర తాళం తీసుకునే ముందు, నేను అడగకుండానే పళ్ళెం మీద చెయ్యి చాపాడు. వాడికి మీసాలు నెరిశాయి. రెండుసార్లకు రెండూ పట్టాడు.

బస్సు పోయాక ఏమీ తోచక మా చేను దాకా నడిచాను. రోడ్డు పక్కనే ఉంటుంది. గట్టు మీద నిలబడి ఆ బీడు వంక చూస్తుంటే, పక్క ఊళ్ళ పిల్లలను ఎక్కించుకుని బస్సు తిరిగి అదే దారిన వచ్చింది. ఖాదర్ నన్ను చూసి నెమ్మదించాడు. కిటికీలన్నీ తలలే. మూడో వరస నుంచి ఒక పిల్ల అరిచింది, “డ్రైవర్ తాతా! బండి ఇడిసిపెట్టి సేద్యం చేస్తాండావా?”

“లేదు పాపా,” అన్నాను. “డ్రైవరు పనే చేస్తాండా.”